నీళ్లు పడకూడని కార్డు

మా నాయన పేరు ఆశీర్వాదం. ఆయన కుట్టిన చెప్పులు లేకుండా పెద్ద వీధి రైతు వెంకటసుబ్బయ్య చేనుకు పోయేవాడు కాదు. కానీ ఆ చెప్పులు మా నాయన చేతుల్లోంచి నేరుగా ఆయన కాళ్లకు ఎక్కేవి కావు. అరుగు కింద నేల మీద పెట్టి మేము వెనక్కు జరగాలి. ఆయన తల్లి లక్ష్మీనరసమ్మ చెంబుతో వచ్చి వాటి మీద నీళ్లు చల్లాలి. అప్పుడు గాని అవి ఆ ఇంటి చెప్పులు కావు. మా పాలెం నుంచి ఏ వస్తువు పోయినా ఇదే తంతు. తోలు నీళ్లకు ఓర్చుకునేది, మా నాయనా ఓర్చుకున్నాడు. నాకు మాత్రం ఆ ఓర్పు అబ్బలేదు.

గిద్దలూరు మిషను బడిలో దొరసాని మాకు పండగ కార్డులు చేయడం నేర్పింది. మందపాటి కాగితాన్ని మడతలో మడత పెట్టి, తెరవగానే లోపలి నుంచి పువ్వు లేచి నిలబడేట్టు చేయాలి. ఆవిడ చిన్న కత్తెరతో కత్తిరించేది. నేను ఇంటికొచ్చాక మా నాయన అచ్చులు పట్టుకున్నాను. చెప్పుల పట్టీల మీద చుక్కలు, ఆకులు, నెలవంకలు కొట్టే ఇనుప అచ్చులవి. తుమ్మ మొద్దు మీద తోలు ముక్క పరిచి, దాని మీద కాగితం పెట్టి, అచ్చు నిలిపి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే నెలవంక తెగి పడేది. దెబ్బ చాల్లేదని ఇంకోటి వేస్తే కాగితం చిరిగేది. తెగిన చోట వెనక నుంచి పల్చని ఎర్ర కాగితం చింతగింజల జిగురుతో అంటించి, ఎండకు ఎత్తి చూస్తే కళ్లు తిప్పుకోలేము. గొప్పలు చెప్పుకుంటోంది అంటారేమో. చెప్పుకుంటాను, చేసింది నేను కాబట్టి.

ఆ ఏడు మా ఊళ్లో మునసబు పని ఖాళీ పడింది. ఇంగ్లీషు సంవత్సరాదికి కర్నూలు నుంచి ఆ పని ఇచ్చే కలెక్టరు దొర వచ్చి గిద్దలూరులో మకాం చేస్తాడన్నారు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలంతా నిమ్మకాయలూ దండలూ పట్టుకుని పోయి కనబడాలి. అంతమందిలో దొర కంట పడడమెట్లా అన్నదే వెంకటసుబ్బయ్య దిగులు. మా నాయనను పిలిపించాడు.

"మీ మార్త చేసే ఆ విచ్చుకునే కార్డు ఒకటి కావాల్రా. దొర తెరిస్తే నా మొగం గుర్తుండిపోవాల."

చేశాను. రెండు తలుపుల్లా మడిచి, అంచుల వెంట ఆకులూ నెలవంకలూ కొట్టి, లోపల తామర పువ్వు నిలబెట్టాను. సంవత్సరాదికి ముందు రోజు నేనూ నాయనా పోయి, ఎప్పటిలాగే నేల మీద పెట్టి వెనక్కు జరిగాం. లక్ష్మీనరసమ్మ చెంబుతో వచ్చింది.

"అవ్వా, వద్దు! అది కాగితం!" అని అరిచాను. అప్పటికే చల్లేసింది.

ఎర్ర కాగితం రంగు దిగి తెల్ల తలుపుల మీద కారింది. జిగురు విడిచి తామర పువ్వు పక్కకు వాలింది. ముసలామెకు కోపం లేదు, పాపం అనిపించనూ లేదు. "మీ ఇంటి నుంచి వచ్చినదాన్ని చల్లకుండా ఎట్ల ముట్టుకుంటామే?" అంది, కూరలో ఉప్పు వేయకుండా ఎట్లా అన్నంత మామూలుగా.

వెంకటసుబ్బయ్య బయటికొచ్చి చూసి తల కొట్టుకున్నాడు. తిట్లు మాత్రం తల్లికి కాదు, నాకు. "ఏంది మార్తా, నాలుగు చుక్కలకే కరిగిపోయే సరుకా నువ్వు చేసేది? రేపు పొద్దున బండి కట్టే సరికి ఇంకోటి తెచ్చియ్యి."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా చేతి పని కావాలి, మా చేయి మాత్రం పనికిరాదు. నా ఒళ్లంతా మండిపోయింది.

ఇంటికొచ్చాక నాయన ఒక ఉపాయం చెప్పాడు. "తాటాకు పెట్టెలో పెట్టి ఇద్దాం లేమ్మీ. పెట్టె మీద చల్లుకుంటారు. నీ కార్డు చెడదు."

"కార్డు చెడదు సరే. నా సంగతేంది నాయనా?"

నాయన తాటాకు పెట్టె అందుకుని మూత దులిపాడు.

"ఈసారి చేతికే ఇస్తా. చేత్తో తీసుకుంటే సరి, లేకుంటే తిరిగి తెచ్చుకుంటా."

"చెప్పులకు గాను కళ్లంలో మనకు కొలిచే గింజలు ఆయన చేతిలో ఉండాయి, మర్చిపోవద్దు."

"మర్చిపోలేదు" అని, అచ్చు అందుకున్నాను. ఆ రోజు కొట్టిన దెబ్బల్లో ఒక్కటీ తప్పలేదు. కోపంతో పని చెడుతుందంటారు గానీ, నాకు మాత్రం చేయి కుదిరింది.

తెల్లారి నేనూ నాయనా పోయే సరికి వాకిట్లో బండి కట్టి ఉంది. వెంకటసుబ్బయ్య కోటు తొడిగి తలపాగా చుట్టాడు. అరుగుల మీద జనం చేరారు. నేను కార్డు రెండు చేతులా పట్టుకుని ఆయన ఎదుట నిలబడ్డాను.

"ఆడ పెట్టు" అన్నాడు.

"పెట్టనయ్యా. చేతికే ఇస్తా."

అరుగుల మీది వాళ్లంతా నా వైపు తిరిగారు.  లోపలి పువ్వు నలక్కుండా కార్డును అట్లాగే పట్టుకున్నాను.

"ఆశీర్వాదం! ఈ ఏడు గింజలు వద్దా ఏంది నీకు?"

నా వెనక మా నాయన గొంతు సవరించుకున్నాడు. "చేసింది నేను కాదయ్యా. దాన్నే అడగండి."

అప్పుడే గిద్దలూరుకు బయల్దేరిన ఎగువ వీధి వాళ్ల బండి గంటలు మోగించుకుంటూ పోయింది. అందులో గజమంత పూలదండ. వెంకటసుబ్బయ్య దాన్ని చూశాడు, పైకొస్తున్న పొద్దు చూశాడు. కండువా కొస చేతికి చుట్టుకుని చేయి చాపాడు.

నేను కార్డు వెనక్కు తీసుకున్నాను. "గుడ్డ తీయండయ్యా."

"తీయకుంటే?"

"ఇంటికి తీసుకపోతా."

పళ్లు కొరికాడు. గుడ్డ విప్పాడు. ఉత్త చేయి చాపి లాక్కున్నాడు. ఆయన వేళ్లు నా వేళ్లకు తగిలాయి.

లక్ష్మీనరసమ్మ చెంబెత్తుకుని పరుగున వచ్చింది. వెంకటసుబ్బయ్య కార్డును తలపాగా కంటే పైకెత్తి పట్టుకుని ఒక్క కేక పెట్టాడు.

"అమ్మా! నీళ్లు వద్దు!"

"నీ మీదన్నా చల్లనీరా!"

"వద్దంటి గదా! ఒక్క చుక్క కూడా పడకూడదు!"

ఆ మాట అరుగుల మీది వాళ్లంతా విన్నారు. కార్డును అట్లాగే పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో బండి అంచు తడుముకుంటూ ఆయన బండెక్కాడు. చెంబులో నీళ్లు చెంబులోనే ఉన్నాయి.

మేము వెనక్కు తిరిగాం. కాస్త దూరం నడిచాక నాయన మెల్లగా అడిగాడు.

"ఆయనకు నీ చెయ్యి తగిలిందా అమ్మీ?"

"తగిలింది."

"ఏమైంది మరి?"

"ఏం కాలే నాయనా. బండెక్కి పోయినాడు."

పెద్ద వీధిలో మేము గట్టిగా మాట్లాడకూడదు. మా నాయన ఆ వీధి నడిమధ్యన నిలబడి పకపకా నవ్వాడు.