నాలుగో సర్వరు

రేణుకు లెక్కలు రావని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అంచెట్టి పక్క కొండ పల్లెలో, మలుపు తిరిగే గొర్రెల మందను నిలబెట్టకుండానే లెక్కపెట్టే ఇంట్లో పుట్టిన పిల్ల. అలాంటిది శుక్రవారం పొద్దున హోసూరు ఆఫీసులో కూర్చుని మూడు సర్వర్లను లెక్కపెట్టలేక తల పట్టుకుంది. పెట్టినవి మూడు. తెర మీద నాలుగు కనిపిస్తున్నాయి.

ఆఫీసు అశ్వత్థప్పది. ఆయనది రోజాపూల వ్యాపారం. పూలను నిలవ పెట్టే చల్లగదులు సూళగిరిలో ఉన్నాయి. లారీలకు ఎక్కించే గోడౌను కృష్ణగిరిలో ఉంది. పెద్దాయన కూర్చునేది హోసూరులో. మూడు చోట్లా ఒక్కో సర్వరు. ఆ మూడూ క్షణానికోసారి ఉన్నావా, ఉన్నావా అని ఒకదాన్నొకటి పలకరించుకుంటూ, ఒకే మాట మీద చల్లగదుల మిషన్లను నడపాలి. ఒకటి పలకకపోతే మిగతా రెండూ, సగం కంటే ఎక్కువమంది మనమే కదా అని పని సాగించాలి. సగానికి మించి ఒకవైపు లేకపోతే ఏ మాటా చెల్లదు.

కాగితం మీద ఎంతో బాగుంది. కానీ ఈ నెలలో రెండుసార్లు హైవే వంతెన పనివాళ్లు హోసూరుకూ సూళగిరికీ మధ్య కేబులు తెంపారు. తెంపిన రెండుసార్లూ సూళగిరి, కృష్ణగిరి సర్వర్లు నిక్షేపంగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే మిషన్లను ఆపేశాయి. ఎందుకో రేణుకు అర్థం కాలేదు. రెండోసారి సూళగిరి ఆపరేటరు మునిరాజు మిషన్లను చేత్తో నడపబోతే చలి ఎక్కువై ఎనభై పెట్టెల పూలు నల్లబడ్డాయి.

ఈ రోజు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అదే కేబులును పక్కకు జరుపుతామని వంతెన వాళ్లు ముందే చెప్పారు. నిన్న అశ్వత్థప్ప ఆమెను పిలిచి, మెల్లగానే చెప్పాడు.

"ఇంకొక తూరి నిలిచిపోతే ఈ పని బెంగళూరు కంపెనీకి ఇచ్చేస్తాను మ్మా. నీ మీద కోపం లేదు. పూలు ఆగవు కదా."

ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ఇంకా ఖాయం కాలేదు. పోతే మళ్లీ అంచెట్టి బస్సే. ఆ బస్సు రోజుకు రెండే సార్లు వస్తుందన్నది వేరే సంగతి. రేణుకు భయంగా ఉంది. భయంలో మనిషికి తన కళ్ల మీద కూడా నమ్మకం పోతుంది.

సెట్టింగుల ఫైలు తెరిచింది. మూడు పేర్లు, మూడు అడ్రసులు. సరిగ్గా ఉన్నాయి. ముగ్గురు మాట్లాడుకునే పోర్టులు తెరిచే ఉన్నాయి. గడియారాలు సరిచూసింది. మూడూ ఒకే టైము చెబుతున్నాయి. మరి నాలుగోది ఎవరు? పేరు లేదు, ఉత్త అడ్రసు ఉంది. దాన్ని జాబితాలోంచి తీసేసింది. గండం గడిచిందని టీ తాగి వచ్చేసరికి, పిలవని చుట్టంలా మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ తీసింది. మళ్లీ వచ్చింది. తనే ఎక్కడో తప్పు చేసిందేమోనని ఫైలు మొత్తం చెరిపి మొదటి నుంచి రాసింది. ఈసారి ఇంకా త్వరగా వచ్చింది.

మునిరాజుకు ఫోను చేసింది.

"అన్నా, ఆడ తెర మీద ఎన్ని కనిపిస్తుండాయి?"

"నాలుగు."

"మనం పెట్టింది మూడే కదన్నా."

"అది నన్ను అడిగితే ఎట్ల మ్మా? నేను వచ్చినప్పటి నుంచి నాలుగే ఉండాది. నాలుగే పెట్టినారేమో అనుకున్నాను."

రేణు ఫోను పెట్టేసి మళ్లీ తెర చూసింది. ఆరు నెలలుగా తను చూడలేదా? చూసింది. సెట్టింగుల ఫైలునే చూసింది గానీ, ఎవరెవరు వచ్చి కూర్చున్నారో ఏనాడూ చూడలేదు. సిగ్గుగా అనిపించింది.

ఆ అడ్రసు హోసూరు ఆఫీసుదే. రేణు లేచి స్విచ్చు పెట్టె దగ్గర ఒక్కో వైరునూ చేత్తో తడుముతూ పోయింది. అన్నీ పోవలసిన చోటికే పోయాయి. ఒక్కటి మాత్రం గోడకు వేసిన కన్నంలోంచి పక్క గదిలోకి పోయింది. పక్క గది పెద్దాయనది.

అశ్వత్థప్ప చీటీలు చూసుకుంటున్నాడు. ఆయన వెనక, దేవుడి పటాల కింద చెక్క బల్ల మీద ఒక పాత కంప్యూటరు, నుదుట కుంకుమ బొట్టుతో, చిన్నగా గుర్రు పెడుతూ ఉంది.

"సార్, ఇది ఏంది?"

"అదా." ఆయన చీటీలు పక్కన పెట్టాడు. "అనంతకుమార్‌తో పెట్టించినాను. నీకు ముందు ఉండినాడే, ఆ పిల్లోడు. మూడు పెడతాము సార్ అన్నాడు. మూడు వద్దప్పా, ఇంకొకటి పెట్టు, ఎవురికీ చెప్పొద్దు అన్నాను."

రేణుకు ఒక్కసారిగా అంతా తెలిసి వచ్చింది. కోపమూ వచ్చింది. ఆరు నెలల తన తికమకంతా బొట్టు పెట్టుకుని కళ్లెదుట కూర్చుంది.

"సార్, కేబులు తెగితే ఇద్దరు ఈడ, ఇద్దరు ఆడ అవుతారు. తలకొక ఓటు. సగం సగం. ఎవరి మాటా చెల్లదు. అందుకే మిషన్లు నిలబడతాయి. మూడే ఉంటే ఈడ ఒకటి తప్పిపోయినా, ఆడ ఇద్దరు ఉంటారు. పని నడుస్తుంది."

"ఒకటి తప్పిపోయినా అంటావే." ఆయన గొంతు మారింది. "కెలవరపల్లి డ్యాము కాడికి పంపుసెట్టు తెచ్చేదానికి ముగ్గురం పోయినాము. నేను, మెకానిక్కు లక్ష్మణప్ప, నా తమ్ముడు గంగప్ప. ముగ్గురు పోతుండారు, ఒక రాయన్నా ఎత్తుకోని పోండిరా అని మా అమ్మ వాకిట్లో నిలబడి చెప్పింది. నేను నవ్వినాను. ఆ పొద్దు ఏటికి నీళ్లు వదిలినారు. లక్ష్మణప్ప, నేను, ఇద్దరమే వచ్చినాము."

రేణు కోపం ఎటు పోయిందో తెలియలేదు. రాయి సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటర్వ్యూకు ఆమె, అమ్మ మారక్క, మేనమామ ముగ్గురూ వచ్చారు. బస్సెక్కేముందు మారక్క రోడ్డు పక్క నుంచి ఒక గులకరాయి తీసి, నాలుగో మనిషి ఇదే పదండి అని కూతురి సంచిలో వేసింది. ఇంటికి వచ్చాక పారేయాలి. రేణు మరిచిపోయింది.

పోయి సంచి అడుగున వెతికింది. టిఫిను డబ్బా కింద దొరికింది. తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నాలుగోది రాయి అయినా చాలు కదప్పా."

అశ్వత్థప్ప దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "దీనికి ఓటు ఉంటుందా?"

"ఉండదు. లెక్కకు ఉంటుంది. మధ్యలో మాట్లాడదు."

మూడున్నరకు పెద్దాయన తన చేత్తోనే పాత కంప్యూటరు ప్లగ్గు పీకాడు. రేణు మూడు చోట్లా జాబితాలోంచి దాన్ని తీసేసింది. పావుగంట కాచుకుంది. మళ్లీ రాలేదు. రాయిని హోసూరు సర్వరు మీద పెట్టింది.

నాలుగుకు లైను పోయింది. హోసూరు తెర మీద మిగతా రెండు పేర్లూ ఎర్రబడ్డాయి.

"ఒక్కటే మిగిలిందే మ్మా," అన్నాడు అశ్వత్థప్ప.

రేణు ఫోనును దగ్గరికి లాక్కుంది. ఫోను మోగింది.

"మిషన్లు నడుస్తుండాయి మ్మా," అన్నాడు మునిరాజు. "ఈడ ఇద్దరు ఉండారు. హోసూరు ఒకటే కనబడలేదు."

ఫోను స్పీకరులో ఉంది. అశ్వత్థప్ప విన్నాడు. బెంగళూరు వాళ్లను రావద్దని చెప్పేస్తానని, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. రేణు గుండె తేలికపడింది. ఇక ఇంటికి పోతాడనుకుంది. రోజూ ఐదుకల్లా పోయే మనిషి, ఆమె పక్కకు కుర్చీ లాక్కుని, ఎర్రటి పేర్ల ముందు కూర్చున్నాడు.

ఆరు అయింది. రాలేదు. ఆరుంబావు అయింది.

"ఇంకా రాలేదా మ్మా?"

"వస్తారప్పా. లైను కలపాల కదా."

ఆరున్నరకు సూళగిరి పచ్చబడింది. దాని వెనకే కృష్ణగిరి.

"అందురూ వచ్చేసినారా?"

"వచ్చేసినారప్పా."

"ఇంకొక తూరి లెక్కపెట్టు మ్మా. నాకు చూపు ఆనడం లేదు."

రేణు తెర మీద వేలు పెట్టి పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడు అన్న తర్వాత ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చెప్పుల కోసం వెతుక్కున్నాడు.