కోరుట్ల దాకా జడ

పొద్దున లేవగానే తేజస్విని చేసే మొదటి పని జడను బయటికి నెట్టడం. రాత్రి పెరిగినదంతా మంచం కింద కుప్పపడి ఉంటుంది. కాళ్లకు అడ్డం రాకుండా దాన్ని గడప దాటిస్తే, తన దారిన తాను వాడకట్టు మీదుగా వేములవాడ రోడ్డెక్కి పోతుంది. ఆ తర్వాతే ఆమె చాయ్ తాగేది.

కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టాక సిరిసిల్లలో సాంచెలన్నీ ఆగిపోయాయి. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ చప్పుడు లేకపోతే ఆమె భర్త హరీశ్‌కు నిద్ర రాదు, అందుకని పగలంతా కునికిపాట్లు పడేవాడు. భార్య కడుపుతో ఉంటే మొగుడు గడ్డం తీయించుకోకూడదు, తీయించుకుందామన్నా కట్టింగ్ షాపులు బందు. రెండూ కలిసొచ్చి మనిషి సన్నాసుల్లో కలిసేలా తయారయ్యాడు.

తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి కదా. ఏడో నెల రాగానే కోరుట్ల నుంచి తల్లి గంగవ్వ వచ్చి తీసుకుపోవాలని మాటైంది. సరిగ్గా అప్పుడే బస్సులు ఆగిపోయాయి. ఆ వారమే తేజస్విని జడ నడుము దాటి, మోకాళ్లు దాటి, గడప దాకా పెరిగింది.

"పెరగనియ్యి. కడుపుతోటి ఉన్నదాని ఎంటికలకు కత్తెర పెట్టద్దు" అంది అత్త లింగవ్వ. ఇంట్లో ఇక ఆ ముచ్చట రాలేదు.

చెక్‌పోస్టు దగ్గర మనుషులను తరిమే పోలీసులు, జడ వస్తే మాత్రం అడ్డకర్ర కొంచెం ఎత్తి పోనిచ్చారు. మేడిపల్లి దగ్గర రోడ్డు మీద వడ్లు ఆరబోసిన రైతులు దానికింత దారి వదిలారు. ట్రాక్టర్ల వాళ్లు దిగి, చక్రం కింద పడకుండా పక్కకు జరిపి మరీ పోయారు.

కోరుట్లలో గంగవ్వ వాకిలి ఊడుస్తుంటే జడ కొస వచ్చి చీపురుకు తగిలింది. ఎవరిదో ఆమెకు ఒకరు చెప్పాలా?

"ఇంత ఎండల వడి వచ్చినవా బిడ్డా!" అంటూ కొసను ఒళ్లోకి తీసుకుంది. ఆ పూటకు బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, కొబ్బరినూనె రాసి, నిమ్మళంగా దువ్వింది. అక్కడ సిరిసిల్లలో తేజస్వినికి నెత్తి చల్లబడింది. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం ఆమె కంటినిండా నిద్రపోయింది.

తల్లి రోజూ ఫోన్ చేసేది.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగున్న."

"తిన్నవా?"

"తిన్న."

రెండూ అబద్ధాలే. టీవీలో ఆసుపత్రుల ముందు జనాన్ని చూసి చూసి ఆమెకు ముద్ద దిగడం మానేసింది. అంటే అది భయం, ఆ రోజుల్లో అందరికీ ఉన్నదే. ఎవరికీ చెప్పుకోలేనిది ఇంకొకటుంది. కడుపులో బిడ్డ తన్నితే ఇంటిల్లిపాదీ సంబరపడతారు, ఆమెకు మాత్రం ఏమీ అనిపించదు. ఎవరిదో మూట మోస్తున్నట్టుంటుంది. పుట్టాక కూడా ఇలాగే ఉంటే ఆ పసిప్రాణం గతేమిటి? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసి, గోడవైపు తిరిగి పడుకునేది.

నోరు ఎన్నయినా చెబుతుంది గానీ, జుట్టుకు అబద్ధమాడటం రాదు. గంగవ్వ దువ్వెనకు గుప్పెళ్లకొద్దీ వెంట్రుకలు ఊడివచ్చాయి. ఎంత నూనె రాసినా ఎండుగడ్డే. ఆమెకు కాలు నిలవలేదు. వియ్యపురాలికి ఫోన్ కొట్టింది.

"వదినె, నా బిడ్డకు కడుపునిండ పెడుతున్నరా?"

ఏ వియ్యపురాలినైనా అడగాల్సిన తీరేనా అది? లింగవ్వ ఒంటికాలి మీద లేచింది.

"ఏం మాటలు గవి వదినె? నేను తిన్నదే నీ బిడ్డ తింటది!"

ఫోన్ పెట్టేసింది గానీ, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆమె పని. కోడలి కంచంలో మిగిలిన అన్నం రోజూ కుక్కకు వేస్తున్నది తనే కదా.

"ఇటు వచ్చి కూసో" అంది కోపంగా. "నీ నెత్తి నాకు దువ్వరాదనుకుంటున్నదా మీ అమ్మ?"

అత్త తన తల ముట్టుకోవడం తేజస్వినికి అదే మొదలు. ఏళ్లకేళ్లు నూలు కండెలు చుట్టిన మొరటు చెయ్యి. అయినా వెనక కూర్చున్న మనిషి ముఖం కనిపించదు. తల దువ్వించుకుంటూ చెప్పుకున్నంత తేలిగ్గా ఆడవాళ్లు ఇంకెక్కడా మనసు చెప్పుకోలేరు.

"అత్తమ్మా... నాకు గీ పిల్ల మీద పాణం గుంజుతలేదు."

దువ్వెన ఆగింది.

"తంతె గూడ ఏం అనిపిస్తలేదు. అందరు సంబురపడుతున్నరు, నేనొక్కదాన్నే గిట్లున్న. నేను తల్లినెట్లయిత?"

ఇక తిట్లు మొదలవుతాయనుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. దువ్వెనే మళ్లీ కదిలింది, ఈసారి మెల్లగా.

"హరీశ్ పుట్టినంక నాకూ గట్లనే ఉండె" అంది లింగవ్వ. "వాని మొకం సూడబుద్ధి గాలె, పాలియ్యబుద్ధి గాలె. గాలి సోకిందని తాయెత్తు కట్టిండ్రు. నేను ఎవలికీ చెప్పుకోలె. ఇగ నీకే చెప్తున్న."

"మరి ఎట్ల పోయింది?"

"మెల్లగ పోయింది. ఒక్కదాన్నే ఏడ్సిన గద, జెర ఎక్కువ దినాలు పట్టింది. నీకు నేనున్న గదనే పిల్లా."

తేజస్విని అత్త మోకాలి మీద తలపెట్టి ఏడ్చింది. అటు కోరుట్లలో గంగవ్వ చేతిలోని చిక్కు దువ్వెన పెట్టకుండానే విడిపోయింది.

మర్నాడు లింగవ్వ ఆశ వర్కర్ రత్నమాలను పిలిపించింది. ఆమె ఫోన్‌లో ఒక డాక్టరమ్మతో మాట్లాడించింది. కడుపుతో ఉన్నవాళ్లకు చాలామందికి ఇలా అవుతుందని, ఇందులో తప్పేం లేదని, వారం వారం తనతో మాట్లాడమని డాక్టరమ్మ చెప్పింది. భయం పూర్తిగా పోలేదు గానీ అన్నం సహించింది. ఈ చివర అత్త, ఆ చివర తల్లి దువ్వుతుంటే జడ నల్లగా నిగనిగలాడింది.

నొప్పులొచ్చిన రోజు ఆసుపత్రిలో సిస్టర్, తోడు ఎవ్వరూ లోపలికి రావద్దంది. జడను చూసి మాత్రం తలుపు పూర్తిగా మూయకుండా సందు వదిలింది. బయట లింగవ్వ నేల మీద కూర్చుని జడ మీద చెయ్యి వేసింది. కోరుట్లలో గంగవ్వ కొసను మణికట్టుకు చుట్టుకుంది.

ఆడపిల్ల పుట్టింది. తుడిచి తెచ్చి గుండెల మీద పడుకోబెడితే, తేజస్వినికి చూడాలంటే భయం వేసింది. ఏమీ అనిపించకపోతే? అంతలో పిల్ల చెయ్యి ఆడించి, అందిన జడపాయను పిడికిట పట్టి గుంజింది.

"అమ్మా!" అని అరిచింది తేజస్విని.

"ఆగు, తీస్త" అంటూ సిస్టర్ వంగింది.

"తియ్యకు సిస్టర్! పట్టుకోనియ్యి, నా బిడ్డ."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తెలిసి, అప్పుడు పిల్ల ముఖంలోకి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

కోరుట్లలో గంగవ్వ మణికట్టు దగ్గర చిన్న గుంజుడు తగిలింది. కూతురి గుంజుడు ఆమెకు తెలుసు. ఇది కొత్త చెయ్యి. కొంగుతో కళ్లు తుడుచుకుని, తనూ ఇటునుంచి మెల్లగా ఒక్కసారి గుంజింది.

సిరిసిల్లలో పిల్ల ఏడుపు ఆపి, ఎవరా అన్నట్టు తలుపు వైపు తల తిప్పింది.