పదకొండు గుడ్లూ, తొట్టి నీళ్ళూ

"ఈ బాతు తిండి మానేసి చస్తుంది. అది చస్తే పిల్ల ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటుంది. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననకండి."

పొద్దున్నే టీ గ్లాసు చేతికిస్తూ మా ఆయనతో అన్న మాటలివి. నిజానికి అప్పటికింకా ఏమీ జరగలేదు. పెరట్లో ఉన్న ఏడు బాతుల్లో ఒకటి, మేం కుంటిది అని పిలిచేది, కట్టెలు పెట్టుకునే మూలలో రొమ్ము ఈకలు తానే పీక్కుని, మెత్తగా పరుచుకుని, గుడ్ల మీద కూర్చుంది. అంతే.

"పొదిగే బాతు చావదే," అన్నారాయన టీ ఊదుకుంటూ. "దాన్ని చూసి దిగులు పడే మనిషే ముందు పోతుంది."

ఆయన వెల్డింగు పని చేస్తారు. నిప్పురవ్వల మధ్య రోజంతా బతికి వచ్చే మనిషికి నా భయాలు దోమకాటు కింద లెక్క.

మర్నాటికి ఇంకో చిక్కు వచ్చింది. బూడిదరంగు బాతుకి కూడా అదే బుద్ధి పుట్టి, కుంటిదాన్ని పక్కకి నెట్టి అదే గూట్లో ఇరుక్కుని కూర్చుంది. రెండూ ఒకదాని పొట్ట కింద గుడ్లు ఇంకోటి ముక్కుతో లాక్కుంటున్నాయి. నేను "అయ్యో అయ్యో" అంటూ అటూ ఇటూ తిరుగుతుంటే మా పిల్ల నా వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా గోడ దగ్గరికి పరిగెత్తి "పిన్నీ!" అని కేక పెట్టింది.

పిన్ని అంటే మా తోడికోడలు. గోడకి అవతలి వాటా వాళ్ళది, పెరడు మాత్రం ఇద్దరికీ ఒకటే. మా మరిది పెళ్ళి చేసుకుని తెచ్చి నాలుగేళ్ళయింది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమెకి భయమన్నది తెలియదు. పాము కనిపిస్తే చీపురు తిరగేసి సాగనంపుతుంది. నేను తాడు కనిపించినా మంచమెక్కుతాను. మా పిల్లకి పదమూడేళ్ళు. ఏ తగువైనా రెండు వైపులా వింటేనే గాని నోరు విప్పదని వాళ్ళ నాన్న దాన్ని "జడ్జిగారూ" అని పిలుస్తారు. ఆ జడ్జిగారికి ఏ అనుమానమొచ్చినా నాలుగేళ్ళుగా అడిగేది గోడ అవతలే.

మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చింది మా తోడికోడలు.

"రెండూ ఒకే గూట్లో ఉంటే గుడ్లు పగలగొట్టేస్తాయి అక్కా. కుంటిదాన్నే కూర్చోబెడదాం. బూడిదదాన్ని బోనులో పెడదాం."

"బోనులోనా? బెంగతో చస్తుందేమో!"

"చావదక్కా. బోను నేలకి జానెడు ఎత్తున ఉండాలి, అడుగున తీగలుండాలి. పొట్టకి చల్లగాలి తగులుతుంటే నాలుగు రోజుల్లో ఆ ధ్యాస దానంతటదే పోతుంది. తిండీ నీళ్ళూ మామూలే."

"పాపం పిన్నీ, కాస్త గడ్డి వెయ్యకూడదా?"

"వేశావనుకో, అక్కడే కాపురం పెట్టేస్తుంది. పొమ్మన్నా పోదు, మీ బాబాయిలాగా."

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నా మాటలకి అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! నాకసలు నవ్వించే మాటలు రావు, అది వేరే సంగతి.

మా ఆయన సాయంత్రానికి బోను అతికించి తెచ్చారు. బూడిదది మొదటి రెండు రోజులూ తీగల్ని పొడుస్తూ గోల చేసింది. నేను వెళ్ళి "కాస్త ఓర్చుకోవే తల్లీ" అని దానికి ధైర్యం చెప్పేదాన్ని. అయిదో రోజు తలుపు తీస్తే, గూడు వైపు కన్నెత్తి చూడకుండా వెళ్ళి బురదలో నత్తల్ని వెతుక్కుంది. నాలుగు రోజుల్లో మరిచిపోయింది! నాకు నాలుగేళ్ళయినా ఆ గోడవైపు చూస్తే కడుపు రగులుతూనే ఉంది.

కుంటిదాని కింద పదకొండు గుడ్లు. పిల్ల క్యాలెండరు మీద ఇరవయ్యెనిమిది రోజులు లెక్కపెట్టి, చివరిరోజు చుట్టూ సున్నా చుట్టింది. బాతు రోజుకొక్కసారి, పదకొండు గంటలవేళ, గుడ్ల మీద ఈకలు కప్పి లేచేది. గబగబా తవుడు మింగి, బట్టలుతికే చోట ఉన్న సిమెంటు తొట్టిలో దూకి, రెక్కలు కొట్టుకుని, నీళ్ళోడుతూ వెళ్ళి మళ్ళీ గుడ్ల మీద కూర్చునేది. మొదటిసారి చూడగానే హడలిపోయాను. పసిబిడ్డకి తడిబట్ట కప్పినట్టు కాదూ అది!

"గుడ్లు చల్లబడి చచ్చిపోతాయే," అన్నాను పిల్ల బడి నుంచి రాగానే. "ఆ తొట్టి నీళ్ళు తీసేద్దాం."

"పిన్ని ఉండాలంది."

"నేను వద్దంటున్నాను కదా."

"పిన్నికి తెలుసమ్మా."

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాట అన్నం తింటున్నా, అంట్లు తోముతున్నా నా చెవుల్లోనే ఉంది.

మర్నాడు పిల్ల బడికెళ్ళాక, గోడ అవతల కుట్టుమిషను మొదలయ్యాక, తొట్టి అడుగున బిరడా లాగేశాను. తాగడానికి గిన్నెడు నీళ్ళు పెట్టాను. పదకొండింటికి కుంటిది వచ్చి ఎండిన తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగింది, నా వైపు ఒకసారి చూసింది, పొడి ఒంటితోనే గూటికి పోయింది. మూడింటికి, పిల్ల వచ్చేలోపు, తొట్టి మళ్ళీ నింపేశాను. ఇదే రోజూ నా పని. ఆదివారాలు పిల్ల ఇంట్లో ఉంటుంది కనుక బాతుకి స్నానం, నాకు సెలవు.

అప్పటికి నాది భయమే. ఒట్టేసి చెప్పగలను.

పదోనాడు బడికి సెలవు. పిల్లా, వాళ్ళ పిన్నీ అవతలి వాటాలో కిటికీలకి దుప్పట్లు కట్టి, చీకటి చేసుకుని, గుడ్లని టార్చిలైటు ముందు పెట్టి చూశారు. కుంటిది లేచిన ఆ కాసేపట్లోనే అంతా అయిపోవాలని గుసగుసలు, తోపులాట, నవ్వులు. "ఇదిగో పిన్నీ, ఎర్ర దారాల్లాగా! కదిలింది, కదిలింది!" నేను గుమ్మం బయట నిలబడ్డాను.

"రండక్కా, చూద్దురుగాని," అంది తోడికోడలు.

"పొయ్యి మీద పాలున్నాయి," అన్నాను. పొయ్యే వెలిగించలేదు.

రెండు గుడ్లు ఉత్తవని తేలి తీసేశారు. మిగిలినవి తొమ్మిది.

మర్నాడు తవుడు కొనడానికి దాణా కొట్టుకి వెళ్ళాను. కొట్టు ముసలాయనతో మాటల్లో "పొదిగే బాతు తడిసొచ్చి కూర్చుంటే ప్రమాదం కదండీ?" అన్నాను, ఆయన అవునంటే ఇంటికెళ్ళి గొప్పగా చెబుదామని.

"భలేదానివమ్మా! ఆ తడే గుడ్డుకి ప్రాణం," అన్నాడాయన తూకం రాళ్ళు సర్దుతూ. "తడి చాలకపోతే లోపలి పొర ఎండి పిల్లకి అతుక్కుపోద్ది. పెంకు పగిలినా బయటికి రాలేక లోపలే పోద్ది."

తవుడు సంచీ పట్టుకుని దాదాపు పరిగెత్తాను. తొట్టి నింపెయ్యాలి, ఇంకెప్పుడూ బిరడా ముట్టుకోకూడదు అనుకుంటూ పెరటి గేటు తీశానో లేదో, గోడ అవతల మాటలు వినిపించాయి. పిల్ల బడి నుంచి వస్తూ వీధివైపు నుంచే తిన్నగా అటు వెళ్ళినట్టుంది.

"మంటగా ఉందా?"

"లేదులే పిన్నీ. మోకాలి కట్టు మీదకి పావడా లాగేస్తే కనపడదుగా? సైకిలు మీంచి పడ్డానని అమ్మకి మాత్రం చెప్పకు. భయపడి చస్తుంది. తర్వాత నేనే అమ్మని ఊరుకోబెట్టాలి."

"చెప్పనులే. కదలకు."

సంచీ అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నా పిల్ల మోకాలి దెబ్బ. దానికి మందు రాసే చెయ్యి నాది కాదు. దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునే హక్కు కూడా నాకు లేదు.

ఆ పూట తొట్టి నింపాను గాని, మర్నాడు పదిన్నరకి వెళ్ళి మళ్ళీ బిరడా లాగాను. ఈసారి తెలిసే లాగాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆవిడ చెప్పింది తప్పవ్వాలి. నా మనసులో ఉన్నది అంతే. ఆ తర్వాత రోజూ "రేపు మానేస్తాను" అనుకుంటూనే లాగాను.

సున్నా చుట్టిన ఆదివారం వచ్చింది. శుక్రవారమే అయిదు గుడ్ల మీద నెర్రెలు పడ్డాయి. పిల్ల అన్నం కంచం గూడు పక్కనే పెట్టుకుని తింది. ఆదివారం మధ్యాహ్నమైనా ఒక్కటీ బయటికి రాలేదు. చిల్లు పడిన చోట చిన్న ముక్కు కొస కనిపిస్తోంది, తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పొద్దున వినిపించిన కిచకిచ ఇప్పుడు సన్నగిల్లింది.

తోడికోడలు ఒక గుడ్డు తీసి వెలుగులో తిప్పి చూసింది. ఆమె ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదలు.

"పొర ఎండి కాగితంలా అయిపోయింది. తడి అందలేదు. ఎందుకందలేదో... రోజూ తొట్టిలో మునుగుతూనే ఉందిగా! నేనే ఎక్కడో తప్పు చెప్పుంటాను తల్లీ. గోరువెచ్చని తడిగుడ్డ వేసి, మెల్లగా—"

"ముట్టుకోకు!" పిల్ల అరిచింది. "నువ్వు చెప్పినట్టే చేశాను కదా! అన్నీ నువ్వు చెప్పినట్టే! నీకేం తెలీదు. వెళ్ళు పిన్నీ, వెళ్ళిపో!"

ఆమె గుడ్డుని ఈకల్లో జాగ్రత్తగా పెట్టింది. వెళ్ళి వెనక తలుపు వేసుకుంది. మిషను చప్పుడు కూడా లేదు.

పిల్ల వచ్చి నా ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. దాని జుట్టు వాసన పీల్చి ఎన్ని నెలలయిందో. "నువ్వు ముందే అన్నావమ్మా," అంది. "తడి వద్దని. నీ మాట విననే లేదు నేను."

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే. అక్షరాలా ఇదే. ఊరుకుంటే చాలు. చెయ్యి దాని తల మీద వేసి "పోన్లే, నేనున్నాగా" అంటే చాలు, పిల్ల నాదే.

నా మోచేతి దగ్గర, గూట్లో, ఆ ముక్కు కొస మళ్ళీ తెరుచుకుంది. చప్పుడు రాలేదు.

"తొట్టి నీళ్ళు నేనే తీసేశాను," అన్నాను.

పిల్ల తలెత్తింది.

"రోజూ నువ్వు బడికెళ్ళాక తీసేసి, మూడింటికి మళ్ళీ నింపాను. మొదట భయంతో. తర్వాత దాణా కొట్టాయన చెప్పాడు తడి ఉండాలని. చెప్పాక కూడా తీశాను. నువ్వు మోకాలి దెబ్బ మీ పిన్నికి చూపించావు, నాకు చూపించలేదు. అందుకు తీశాను. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేం లేదు."

పిల్ల నా ఒళ్ళోంచి లేచి దూరంగా, బోను మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఇల్లు వదిలిపోతుందని కూడా అనుకున్నాను, నా బుద్ధి ఎంత దూరమైనా పోతుంది. అదేమీ చెయ్యలేదు. గుడ్ల వైపు చూసింది. తొట్టి వైపు చూసింది. మూసిన తలుపు వైపు చూసింది. బూడిద బాతు మా ఇద్దరి మధ్యనుంచి నడిచి అవతలికి పోయి, నీళ్ళు తాగి, మళ్ళీ తిరిగొచ్చింది. నేను "ఏదో ఒకటి అనవే" అని రెండుసార్లు అన్నాను. పావడా కాస్త పైకి జరిగి మోకాలి మీద ఎండిన పుండు కనిపించింది. పిల్ల పావడా లాక్కుని కప్పుకోలేదు.

గుడ్డులోంచి ఒక్కసారి, సన్నగా, కిచ్ మంది.

"నీళ్ళు గోరువెచ్చగా కాచమ్మా," అంది పిల్ల చివరికి. "పొర తియ్యడం నాకు రాదు, నీకూ రాదు. ముందెళ్ళి పిన్నిని పిలు. నేను పిలవను. నువ్వే పిలు."