ఎత్తిపెట్టిన ఒడిబియ్యం

తడి పసుపు వాసన.

వాగు పొంగి కల్వర్టును ఎత్తుకుపోయిన ఏడు అది. ఇంటి ముందర నీళ్లు. ఇంటి వెనక నీళ్లు. ఇంటి లోపల పసుపు కలిపిన బియ్యం. ఆ రోజే మా బిడ్డ కోమలకు ఒడి నింపాం.

ఆగితే బాగుండేది. కానీ మూఢం వస్తోంది. మూఢంలో ఒడిబియ్యం పోయరు.

అల్లుడు విజేందర్ కెనడాలో ఉంటాడు. పెళ్లయిన నెలకే వెళ్లిపోయాడు. భార్యను పిలిపించుకోవడానికి వీసాకు పెట్టాడు. ఇవాళో రేపో వస్తుందన్నాడు. అది మూఢంలోనే వస్తే?

"పిల్లను ఉత్త ఒడితోని పంపుమంటవా?" అంది నా భార్య నర్సింగమ్మ.

మూఢానికి ముందే పోశాం.

ముత్తయిదువలు దోసిళ్లతో పోశారు. ఎండుకొబ్బరి కుడుకలు పెట్టారు, ఖర్జూరాలు పెట్టారు. ఒడి నిండిన ఆడపిల్ల ఇక పుట్టింట్లో నిలవకూడదు. పొలిమేర దాటాలి. ఆ బియ్యం తన ఇంట్లో వండుకోవాలి, నలుగురికి పెట్టాలి. కొత్తకోటలో అల్లుడి అన్న ఇల్లు ఉంది. అక్కడ వండుతుందని బయలుదేరాం.

వాగు దగ్గర దారి లేదు.

ఎర్రటి నీళ్లు. కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మలు. ఒడి పట్టుకుని ఒడ్డున నిలబడింది కోమల. వాన పడుతూనే ఉంది. పసుపు కరిగి చీరంతా దిగింది.

వెనక్కి వచ్చాం.

వాగు తగ్గేసరికి మూఢం వచ్చింది. మూఢం పోయేసరికి ఎవరికీ కొత్తకోట గుర్తు రాలేదు. వీసా వస్తే అక్కడే వండుకుంటుందిలే అనుకున్నాం. "కెనడాల పొయ్యిలుండయా ఏంది?" అంది నర్సింగమ్మ. బియ్యం ఎండబోసి, కొత్త గుడ్డలో మూటగట్టి, అటక మీద పెట్టింది.

మూట పైన. పిల్ల కింద.

రెండూ ఎదురుచూశాయి.

కోమల నర్సు చదువు చదివింది. హైదరాబాద్‌లో నాలుగేండ్లు. కెనడాలో మళ్లీ కొంత చదవాలట, పరీక్ష రాయాలట, అప్పుడే దవాఖానలో తీసుకుంటారట. ఆ పుస్తకాలు తెప్పించుకుంది. పొద్దంతా చదివేది. చదివిందే చదివేది. ఎండాకాలం వచ్చేసరికి పుస్తకం తెరిచి... గోడను చూసేది.

మాకు తెల్లవారితే విజేందర్‌కు పొద్దుగూకుతుంది. అప్పుడు ఫోను.

"వచ్చిందా?"

"ఇంక చూస్తున్నరట. వచ్చేవారం రావచ్చు."

"పోయినవారం గూడ గదే అన్నవు."

"నేనేం జెయ్యాలె కోమలా? తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

తర్వాత ఫోనులో గాలి చప్పుడు... అక్కడి గాలో, ఇక్కడి గాలో.

మాది బత్తాయి తోట. చలికాలంలో చెట్లకు నీళ్లు ఆపేస్తాం. పాదుల్లో మన్ను పగుళ్లిస్తుంది. ఆకు ముడుచుకుంటుంది. ముడుచుకున్నాక నీళ్లు వదిలితే, చెట్టు ఒక్కసారిగా పూస్తుంది. ఆపడం ఎవరికైనా వచ్చు. ఎంతవరకు ఆపాలనేదే కష్టం.

ఒక పొద్దున కోమల కిటికీ కింద రాలిన బత్తాయిలు కనిపించాయి.

రాలినవి కావు. విసిరేసినవి.

చేతిలోకి తీసుకుంటే మెత్తగా ఉన్నాయి. నొక్కితే సన్నగా నీళ్లు చిమ్మాయి. కాయ చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. కోమల సూదితో కాయలకు నీళ్లెక్కిస్తోంది. కాలేజీలో అట్లనే నేర్పారట.

"చెయ్యి మర్చిపోవద్దని, నాయినా," అంది. నవ్వింది.

ఆ రోజునుంచి మంచి కాయలే ఏరి కిటికీలో పెట్టేవాణ్ని.

ఊరంతా తెలిసిపోయింది. నీళ్లకు పోతే ఆడవాళ్లు అడిగేవాళ్లు: "కోమలా, మీ బత్తాయికి జరం తగ్గిందా?"

ఆమె చదువుల దోస్తు ప్రవళిక నార్కట్‌పల్లిలో ఒక దవాఖానలో నర్సు. పండక్కి వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"మా దగ్గర మనుషులు కావాలంటున్నరే. రారాదు? నా రూముల్నే ఉందువు."

"ఇయ్యాల చేరి రేపు పోతనంటే ఏం బాగుంటది?"

"రేపు పోతనని ఎన్నొద్దులయింది?"

నర్సింగమ్మే లేచింది. "నువ్వు జర ఊకో బిడ్డా. ఒడి నిండిన పిల్ల ఇంకోతాన కొలువుకు పోతదా? పోతే మొగని తానకే పోతది."

ప్రవళిక నా వైపు చూసింది.

నేను తోట వైపు చూశాను.

కల్వర్టు మళ్లీ కట్టారు. వాన వచ్చింది, పోయింది. మళ్లీ చలి. తోటకు మళ్లీ నీళ్లు ఆపాం. మూట అటక మీదే ఉంది. పురుగు పడిందేమోనని దింపి ఎండబోసేవాణ్ని. చెరిగి, మళ్లీ కట్టి, పైన పెట్టేవాణ్ని. పసుపు వెలిసిపోతోంది. పిల్ల ముఖం కూడా... అట్లనే.

పక్కింటి సుక్కమ్మ వాంతులతో పడిపోయింది. పగటి పూటే. మా ఊళ్లో సూదులేసే అమరేందర్ సెలైన్ సీసా తెచ్చి దూలానికి కట్టాడు. కానీ అతనికి కంటి ఆపరేషనై వారమే అయింది.

"నాకు నరం అవుపడ్తలేదు. కోమలా, నువ్వు పెట్టు బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి."

వాకిలి నిండా జనం. కోమల కూర్చుంది. ముసలామె చేయి పట్టుకుంది. గుచ్చింది. తీసింది. మళ్లీ గుచ్చింది. తోలు కింద నరం పక్కకు జారింది. రక్తం వచ్చింది గానీ నరం దొరకలేదు.

"నా చెయ్యి బత్తాయి కాదే పిల్లా," అంది సుక్కమ్మ. ఆ పానం మీద కూడా. "జర మెల్లగ."

జనం నవ్వారు.

కోమల సూది పక్కన పెట్టేసింది.

ఆటోలో సుక్కమ్మను నార్కట్‌పల్లి తీసుకుపోయాం. కోమల కూడా వచ్చింది. ప్రవళికే డ్యూటీలో ఉంది. ముసలామె చేయి తట్టింది, ఏదో మాట్లాడుతూనే గుచ్చింది. ఒక్కటే గుచ్చు. సీసాలో చుక్కలు పడడం మొదలైంది.

టక్... టక్...

కోమల ఆ చుక్కలనే చూస్తూ నిలబడింది. ఆకలైన మనిషి పక్కవాళ్ల కంచాన్ని చూసినట్టు.

బయటికి వచ్చాక తన రెండు చేతులూ చూసుకుంది.

"మర్చిపోయింది నాయినా. నా చెయ్యి మర్చిపోయింది."

వెనకే ప్రవళిక వచ్చింది. "మా దగ్గర ఇంక మనుషుల్ని తీసుకుంటనే ఉన్నరు పెద్దనాయినా. రేపు పొద్దుగాల తోల్కరా."

ఇంటికొచ్చాం. చీకటి పడేవేళకు తోటలోకి వెళ్లాను. ఆకులు గొట్టాల్లా చుట్టుకున్నాయి. ఒక కొమ్మ పట్టుకుంటే చివర విరిగింది. లోపల పచ్చదనం లేదు.

మరుసటి పొద్దున మోటారు వేశాను.

పక్క తోట పోచయ్య గట్టు మీదినుంచి అరిచాడు. "ఏం పెద్దులూ, పిచ్చి లేసిందా? ఇంకో వారం ఎండాలె గద! పూత తక్కువొస్తది."

"రానీ."

నీళ్లు పాదుల్లోకి పోయాయి. మన్ను బుస్సుమంది.

ఇంటికి వచ్చి అటక మీది మూట దించాను. కోమల అప్పటికే తయారై గడపలో కూర్చుంది. నర్సింగమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

"అది యాడికి? అది ఆమె ఇంట్ల వండాలె!"

"ఆమె ఉండే జాగనే ఆమె ఇల్లు," అన్నాను.

నర్సింగమ్మ పక్కకు జరిగింది. లోపలికి పోయి ఒక కుడుక తెచ్చి మూటలో దోపింది. ముఖం మాత్రం చూపించలేదు.

బస్సులో మూటను కోమల తన ఒడిలో పెట్టుకుంది. కొత్త కల్వర్టు మీదుగా బస్సు పోయింది. వాగులో నీళ్లు లేవు. ఇసుక... తెల్లగా ఇసుక. ఆమె ఫోను మోగింది. విజేందర్. తీసింది.

"రాలే," అన్నాడు అటునుంచి.

"నేను కొలువుకు పోతున్న," అంది ఇటునుంచి.

ఆ తర్వాత అతను ఏమన్నాడో నాకు వినబడలేదు. నేను అడగలేదు. కోమల ఫోను పెట్టేసి మూట మీద చేతులు వేసుకుంది.

ఆమె దవాఖాన గేటు లోపలికి పోయింది. ఎదురుగానే ప్రవళిక రూము. తాళంచెవి ప్రవళికే నాకిచ్చింది. బియ్యం చెరిగాను. రాళ్లు ఏరాను. కడిగాను. నీళ్లు పచ్చగా వచ్చాయి... వెలిసిపోయిందనుకున్న పసుపు ఇంకా ఉంది.

స్టవ్ మీద ఎసరు పెట్టాను. బియ్యం వేయలేదు. ఒడిబియ్యం... ఆమె చేత్తోనే వేయాలి.

ఎసరు మరిగింది. ఇంకిపోతే మళ్లీ నీళ్లు పోశాను. గడపలో కూర్చుని గేటు వైపు చూశాను.

చేతుల నిండా తడి పసుపు వాసన.