వాసన చూసిన పువ్వులు

"ఎలాగూ వెళ్తున్నావు కదా, ఆ చేత్తోనే నాలుగు పువ్వులు కోసుకురా అమ్మాయ్," అంది లోవలక్ష్మి మొదటి రోజు, కోడలి చేతికి వెదురుబుట్ట అందిస్తూ.

వీరవేణి కాదనలేదు. భర్త త్రిమూర్తులికి పిఠాపురం నుంచి రంపచోడవరం బదిలీ అయింది. క్వార్టర్సు వెనకాలే అడవి. కానీ ఆమె దాన్ని చూసిందంతా వంటింటి కిటికీలోంచే. శివరాత్రి వెళ్ళాక ఆమెకి షుగరు బయటపడింది. పొద్దున్నే గంటసేపు నడవాలని, నడుస్తూ గుండెల నిండా గాలి పీల్చుకోవాలని చెప్పాడు డాక్టరు. జబ్బు వచ్చినందుకు ఆమె దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఆ ఇంట్లో తనకంటూ ఒక గంట దొరకడం పెళ్ళయ్యాక అదే మొదలు.

అడవిలో మోదుగలు ఒక్క ఆకైనా లేకుండా ఎర్రగా పూసి ఉండేవి. కొండగోగు పువ్వులు పసుపుపచ్చగా దారి మీదే రాలి ఉండేవి. పొదల్లో అడవిమల్లె. ఎవరూ నీళ్ళు పొయ్యకుండా ఇన్ని ఎలా పూశాయా అని ఆమెకి విచిత్రంగా ఉండేది. ఇంట్లో తను పొయ్యకపోతే తులసి కూడా వాడిపోతుంది మరి. కానీ నిలబడి చూసే తీరికేదీ? దేవుడి పువ్వు ఒంటికి తగలకూడదు, వాసన చూడకూడదు. చూస్తే ఎంగిలైపోయినట్టే. అందుకని మల్లెపొద దగ్గరికి వెళ్ళగానే ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకుంది. డాక్టరు చెప్పింది గుర్తొచ్చి ఒకరోజు నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి లోపలికి పోతుందని అదీ ఆపుకుంది.

తర్వాత త్రిమూర్తులు సంచి ఇచ్చాడు. ఆఫీసరుగారింట్లో వ్రతమట, విస్తళ్ళకి అడ్డాకులు కావాలట. "నీకు వాకింగూ అవుతుంది, మనకి పనీ అవుతుంది," అన్నాడు, ఆమెకేదో మేలు చేస్తున్నట్టు. ఆ తర్వాత కుంకుళ్ళు, పొయ్యిలోకి ఎండు పుల్లలు. గంట అలాగే ఉంది గానీ అందులో ఆమెకి చోటు లేకుండా పోయింది. తలెత్తి చెట్టుని చూడటం మానేసి, ఏది తెంపాలా అని చూడటం మొదలుపెట్టింది.

ఒక రోజు మల్లెపొద ముందు వంగి ఊపిరి బిగబట్టిందా, కళ్ళు తిరిగాయి. పక్కనే ఉన్న రాయి మీద కూలబడింది. ఊపిరి తనంతట తనే లోపలికి వచ్చేసింది, మల్లెల వాసనతో సహా. తీయగా, కాస్త వగరుగా, తడిమట్టి కలిసినట్టుగా ఉంది. ఆమె బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. దోసిలి పట్టి, తీరిగ్గా అన్నీ వాసన చూసింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ దేవుడి గది గుమ్మంలో అత్తగారు చెయ్యి చాచేసరికి, "అవి వాసన చూసేశానండి," అంది.

"పొరపాటునా?"

"కాదండి. కావాలనే."

వరండాలో పేపరు దించి త్రిమూర్తులు చూశాడు. "షుగరు తలకెక్కిందా ఏంటి? రేపట్నుంచి వెళ్ళక్కర్లేదు. డాబా మీద తిరుగు చాలు."

"వెళ్తానండి," అంది వీరవేణి. "పువ్వులకి కాదు, ఆకులకి కాదు. ఊరికే వెళ్తాను."

ఊరికే వెళ్ళడమేంటో అతనికి అర్థం కాలేదు. సాయంత్రం మాట్లాడతానని తువ్వాలు భుజాన వేసుకుని నీళ్ళ గదిలోకి వెళ్ళిపోయాడు.

లోవలక్ష్మి కదల్లేదు. ఇక దేవుడికి పనికిరాని పువ్వుల బుట్టని అందుకుని, ఒంటికి దూరంగా పట్టుకుని అలాగే నిలబడింది. మావగారు పోయిన దగ్గర్నుంచి ఆవిడ జడలో పువ్వు లేదు. ఏ పువ్వైనా ఆవిడ చేతిదాకా వచ్చి, అటునుంచి దేవుడి దగ్గరికి పోవడమే. నీళ్ళ గదిలో చెంబు చప్పుడు మొదలయ్యాక, గొంతు తగ్గించి అడిగింది.

"మన పిఠాపురం మల్లెల్లాగే ఉంటుందా అమ్మాయ్, వాసన?"