ఉడకని గింజలు

“వెర్నా! ఓ వెర్నా! గింజలు ఉడికాయా లేదా?”

వంటింటి కిటికీలోంచి తల దూర్చి అరిచాడు డెల్మార్. అంతరిక్ష నౌక పొట్టకి వేడి తగలకుండా పలకలు అంటించే మనిషి. ఏళ్ళ తరబడి అదే పని, అదే కిటికీ.

“కళ్ళు లేవా? పొయ్యి మీదున్నాయి కదా,” అంది వెర్నా, అటు తిరక్కుండానే.

టైటస్‌విల్ దగ్గరి ఆ ప్రయోగ కేంద్రంలో, నౌక లేవాల్సిన ప్రతి పొద్దునా తెల్ల చిక్కుడు గింజల్లో పంది మాంసం ముక్కలు వేసి పెద్ద డేగిసాలో వండుతారు. నౌక క్షేమంగా పైకెళ్ళాక కంట్రోలు హాల్లో వాళ్ళంతా మొక్కజొన్న రొట్టెతో అవే తింటారు. నౌక లేవని రోజున గింజలు ఉడకవు. ఎంత మంట పెట్టినా రాళ్ళే. అందుకని వాతావరణం వాళ్ళని అడిగి, ఇంధనం వాళ్ళని అడిగి, చివర్న వంటింటికి ఫోను చేస్తారు.

ఇవాళ్టిది ఆఖరి నౌక. ఇది వెళ్ళి తిరిగొస్తే ఇక మరొకటి లేదు. పొద్దుట్నించీ వెర్నాకి ఒళ్ళంతా చీదర. నది ఒడ్డున ‘ఆఖరిది’ అని అచ్చేసిన బనీన్లు అమ్ముకునేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కసారి తొంగి చూడని పెద్దమనుషులు, ఇవాళ కెమెరా కనబడగానే కళ్ళు తుడుచుకోవడం. ఏడవడానికి కూడా మొహానికి పౌడరు పూసుకొచ్చారు వెధవలు!

అందరికంటే డెల్మార్ అంటే మరీ చీదర. జిగురు చేతులూ, వాడి ఈలపాటానూ. ఎక్కడో దూరాన, గోధుమ చేల నడుమ ఉన్న విచిటాలో, విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిందట. సామానంతా ట్రక్కులో ఎక్కించేశాడు. నౌక లేవడం చూసి బయల్దేరతాడట.

“అక్కడ నన్ను తిట్టేవాళ్ళుండరు, అదే బెంగ,” అన్నాడు నవ్వుతూ.

“పో. గోధుమ చేలో నిలబడు, కాకులైనా భయపడతాయి.”

పొద్దున గింజలు నీళ్ళలో పోస్తూ, డేగిసా మీదకి వంగి ఆమె ఒక్క మాట అంది. ‘ఇవాళ ఉడక్కండి.’ అంతే.

మబ్బులన్నీ విడిపోయాయి. ఆకాశం కడిగిన గాజులా మెరిసిపోతోంది. డేగిసాలో మాత్రం గింజలు గలగలమంటూనే ఉన్నాయి. డెల్మార్ లోపలికొచ్చి ఒకటి నోట్లో వేసుకుని, దవడ పట్టుకున్నాడు.

“అమ్మో! నా పన్ను!”

ఫోను మోగింది. కంట్రోలు హాలుకి పెద్ద, ప్రూయిట్.

“వెర్నా గారూ, అన్నీ సరే అన్నారు. మీ గింజలొక్కటే మిగిలాయి. లోపల నలుగురు పట్టీలు బిగించుకుని వెల్లకిలా పడుకునున్నారమ్మా. ఇంకాసేపట్లో వేళ దాటిపోతుంది. ఏం చెప్పమంటారు?”

ఆ నలుగురూ కళ్ళముందు కదిలారు. ఎన్నో ఏళ్ళు ఈ ఒక్క పొద్దు కోసమే బతికినవాళ్ళు. తన స్వార్థానికి వాళ్ళనలా పడుకోబెట్టింది. బనీన్లవాడికీ తనకీ తేడా ఏముంది? వాడు అమ్ముకుంటున్నాడు, తను దాచుకుంటోంది. జన్మలో మొదటిసారి ఆ చీదర తన మీదకే తిరిగింది.

ఫోను గుండెకి అదుముకుంది, పెట్టెయ్యడం మర్చిపోయి.

“నేనే ఉడకొద్దన్నాను,” అంది.

“ఎవర్ని?”

“గింజల్నిరా మొద్దూ!”

డేగిసాలో గలగల తగ్గింది. మూత కింది నుంచి కమ్మటి ఆవిరి లేచింది.

“ఎందుకు?” అన్నాడు డెల్మార్. మొహంలో నవ్వు లేదు.

ఫోనులో అవతల హాలంతా వింటోంది. వెర్నా గరిటె కింద పెట్టింది.

“అది లేస్తే నువ్వు వెళ్ళిపోతావు. నిన్ను తిట్టకుండా నాకు ఒక్క పొద్దు కూడా గడవదు, డెల్మార్. నువ్వంటే నాకు ఇష్టం.”