మసక వెలుతుర్లో ఐదు ఫ్లాష్‌లు

2013 మార్చి వెళ్ళిపోతున్నా కేంబ్రిడ్జ్ చుట్టుపక్కల మంచు కురవడం ఆగలేదు. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన మధులిక సైన్స్ పార్కులో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. వారమంతా ల్యాబ్, శనివారం మాత్రం పిట్టలు. ఆ పిచ్చి అంటించింది రాజారావు అంకుల్. తెనాలి మనిషి, ఇక్కడ ముప్ఫై ఏళ్ళు ఫ్యామిలీ డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. పిట్టల కాళ్ళకు నంబర్ల రింగులు వేసే లైసెన్సు ఉంది ఆయనకు. మధులికకు కెమెరా పట్టుకోవడం కూడా ఆయనే నేర్పాడు.

“పగటిపూట, దూరం నుంచి, మొహం మీద నీడ పోవడానికి కాస్త ఫ్లాష్ వేస్తే వేశావు. గూటి దగ్గర వద్దు. మసక పడ్డాక గుడ్లగూబ మీద అసలు వద్దమ్మాయ్. దానికి కాసేపు ఏమీ కనపడదు,” అని ఒకటికి పదిసార్లు చెప్పాడు.

ఆ శనివారం జ్వరంగా ఉందని ఆయన రాలేదు. సాయంత్రం ఆరు కావస్తుండగా పొలాల మధ్య రోడ్డు వారన కారు ఆపింది మధులిక. పది గజాల దూరంలో, కంచె గుంజ మీద తెల్ల గుడ్లగూబ. మామూలుగా అయితే మనిషిని చూడగానే ఎగిరిపోయేది. మంచు కింద ఎలుకలు దొరక్క నీరసించిందేమో, కదల్లేదు.

నాలుగు ఫొటోలు తీసింది. అన్నీ నల్లగా, చెదిరిపోయి వచ్చాయి. తను చేరిన ఫొటో క్లబ్బు పోటీకి ఫొటో పంపడానికి మర్నాడే ఆఖరు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని బ్యాగులోంచి ఫ్లాష్ తీసి బిగించింది.

మొదటి వెలుగుకి అది మొహం తిప్పుకుంది. రెండోదానికి కళ్ళు మూసుకుంది. మూడోసారి పక్క గుంజ మీదికి జరిగింది. మధులిక వెంటబడింది. నాలుగు. ఐదు. అది తడబడుతూ లేచి, రోడ్డు మీదుగా బాగా కిందుగా ఎగిరింది. అటునుంచి వస్తున్న వ్యాన్ దాన్ని కొట్టేసి, ఆగకుండా వెళ్ళిపోయింది.

చేతుల్లోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. బరువే లేదు. ఈకల కింద రొమ్ము ఎముక కత్తి అంచులా వేళ్ళకు తగిలింది.

స్కార్ఫులో చుట్టి నేరుగా రాజారావు ఇంటికి తీసుకెళ్ళింది.

“వ్యాన్ కొట్టింది అంకుల్. నా కండ్ల ముందే.”

“అయ్యో, నువ్వేం చేస్తావమ్మా,” అంటూ ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాలి రింగు మీది నంబరు చదివాడు. “నేను వేసిందే. రెండేళ్ళ కిందట, ఆ పొలం కొట్టంలో మనం పెట్టిన గూటి పెట్టెలో పుట్టింది. మగది. ఈ ఏడు అక్కడే జత కట్టింది కూడా. రింగున్న పిట్ట చనిపోతే రిపోర్టు పంపాలి, దానికి టైము కావాలి. ఆఖరి ఫొటో ఎప్పుడు తీశావో చూడనీ.”

మధులిక కెమెరా ఇవ్వడానికి తటపటాయించింది. ఆయనే అందుకున్నాడు. తెర మీద గుడ్లగూబ మొహం ఒక్కో ఈకా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. రెండు నల్లటి కళ్ళలోనూ ఫ్లాష్ తెల్లటి చుక్క. ఆయన వెనక్కి జరుపుతూ ఐదూ చూశాడు.

“ఐదుసార్లా?”

“పోటీ ఉండె అంకుల్. ఒక్కటే తీద్దామనుకున్న...”

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకు. రిపోర్టు ఫారం తెరిచి, ‘ఎలా చనిపోయింది’ అన్న గడి దగ్గర ఆపి, ల్యాప్‌టాప్ ఆమె వైపు జరిపాడు.

“నువ్వే రాయి.”

వ్యాన్ అని రాసింది. ఆయన లేవకుండా తెర వైపే చూస్తున్నాడు. చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. మసక వెలుతురు, ఫ్లాష్, ఎన్నిసార్లు, ఎంత దూరం, తన పేరు, అన్నీ రాసేసరికి అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. ఆయన చదివి, పంపేశాడు. ఫొటోలు ఆమె ఆ రాత్రే తుడిచేసింది.

జూన్‌లో ఉండబట్టలేక ఫోన్ చేసింది.

“పెట్టెలో పిల్లలున్నయా అంకుల్?”

“లేవు. ఖాళీ. ఆడది ఏప్రిల్ నుంచీ కనబడలేదు.”

“నా వల్లనేనా?”



“చలికి చాలా పోయాయి ఈ ఏడు. అదీ పోయిందేమో. నాకు తెలీదమ్మాయ్,” అన్నాడు. ఆరోగ్యం అడిగాడు, ఉద్యోగం అడిగాడు. శనివారం ఎటు వెళ్దామని మాత్రం అడగలేదు.